ఈ వారం నాన్న డ్యూటీ

ఆ ఇంట్లో కూతురిని ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి అప్పగిస్తారు. పరాయి ఇంటికి కాదు, వంటగది బల్లకు ఈ పక్కనుంచి ఆ పక్కకు. తల్లి ఆసుపత్రిలో నర్సు. షిఫ్టు మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు ఒక్కో మంచం దగ్గరా ఆగి, రోగి సంగతులన్నీ చెప్పి గానీ ఇంటికి పోదు. పిల్లకు మూడో నెలలో ఎవరు పాలు పట్టారో తెలియక ఇద్దరూ పట్టేసి, పిల్ల కక్కుకుని, ఇల్లంతా గోలైపోయాక ఆమె ఆ పద్ధతిని ఇంటికి తెచ్చింది. ఒక వారం ఆమెది, ఒక వారం అతనిది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పిల్లకిప్పుడు పదకొండేళ్ళు. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ పిడుగు.

"ఎడమ చెవి పోటు తగ్గింది. గోళ్ళు తీశాను. భిన్నాలు ఇంకా తలకెక్కలేదు. ఎదురింటి పిల్లతో మాటల్లేవు," అంది తల్లి ఆ ఆదివారం.

"ఉన్నాయి. నిన్ననే కలిసిపోయాం," అంది పిడుగు, రోగికీ ఒక మాట ఉంటుందన్నట్టు.

"సరే, ఉన్నాయట. ఇంకేం లేదు. ఇక నీదే."

ఇంకొకటి ఉంది. పిడుగు బడి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఎంపికైంది. ఆడటానికి మాకు అభ్యంతరం లేదని ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టి సోమవారం ఇవ్వాల్సిన కాగితం నర్సు సంచిలో నాలుగు మడతలతో ఉండిపోయింది. అమ్మ చెప్పే ఉంటుందని పిల్ల అనుకుంది. చెప్పడానికేమీ లేదని అమ్మ అనుకుంది.

మంగళవారం సాయంత్రం పిడుగు కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. కాగితం రాలేదని పేరు కొట్టేశారు. రేపు ఆ చోట్లోకి ఇంకొకరిని తీసుకుంటారు.

నర్సు సంచి బోర్లించి కాగితం తీసి, తల పట్టుకుంది. "మరిచింది నేను. రేపు నేనే వెళ్ళి మాట్లాడతాను."

"ఈ వారం నాది," అన్నాడతను.

"మరిచింది నా వారంలో కదా."

"మరిచింది నీ వారంలోనే. ఏడుస్తున్నది నా వారంలో."

ముక్కు తుడుచుకుంటూనే పిడుగు ఫక్కున నవ్వింది.

బుధవారం ఎనిమిదిన్నరకల్లా అతను కూతురికి జడ వేసి, సంతకం పెట్టిన కాగితం పట్టుకుని, పని బట్టల్లోనే బడికి వెళ్ళాడు. మోకాళ్ళ దగ్గర గ్రీజు మరకలున్నాయని హెడ్మాస్టరు గదిలో కూర్చోకుండా నిలబడితే, గుమాస్తా ఆవిడ పాత పేపరు తెచ్చి కుర్చీలో పరిచి వెళ్ళింది. ఎవరూ అడక్కుండానే చేసే ఇలాంటి పనులే మనిషిని నిలబెడతాయి. అతను కూర్చున్నాడు.

"తల్లిగారు రాలేదా?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఈ వారం నేనండీ."

"ఆవిడ ఊళ్ళో లేరా?"

"ఉన్నారండీ."

"ఒంట్లో బాగోలేదా?"

"నిక్షేపంలా ఉంది."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీశాడు. "మరి మీరెందుకొచ్చారు?"

"పిల్ల నాది కూడానండీ."

"కాదన్నానా? ఇంట్లో సాయం చేస్తున్నారు, సంతోషం. కానీ ఆడపిల్ల వ్యవహారాలు మగాళ్ళ చేతిలో పెడితే చివరికి ఇదిగో, ఇలాగే తగలడుతుంది."

మరిచింది నేను కాదు, మా ఆవిడ. ఆ ఒక్క మాట అంటే చాలు, మెకానిక్ మీద మచ్చ పోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది వినగానే ఈ పెద్దమనిషి ఎటు తిరుగుతాడో కూడా అతనికి తెలుసు. ఉద్యోగాల్లో పడ్డ ఆడవాళ్ళింతే అంటాడు. వచ్చిన మాటను వచ్చిన దారినే పంపేశాడు.

"మరిచింది మేమిద్దరమండీ," అన్నాడు.

హెడ్మాస్టరు నిట్టూర్చి ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు. "నేనేం రాక్షసుణ్ణి కాదు. ఇకనుంచి పిల్ల బాధ్యత తల్లిదేనని రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే పేరు ఎక్కిస్తాను."

పిడుగు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఒక్క వాక్యం రాస్తే పిల్ల సాయంత్రానికి గోలు ముందుంటుంది. అతను కలం తీశాడు, వంగాడు కూడా. పదకొండేళ్ళ స్నానాలూ జ్వరాలూ చిక్కుజడలూ ఈ ఒక్క వాక్యంతో ఉత్త సాయం కింద జమైపోతాయి. అలాగని ఆట పోయేది తనది కాదు, పిల్లది.

"ఏం రాయమంటున్నారు నాన్నా?"

ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మరి నీ వారాలో?"

"ఈ కాగితంలో ఉండవు."

పిల్ల కింది పెదవి వణికింది. గడ్డం మాత్రం దించలేదు. "అయితే వద్దు. అబద్ధం రాసి ఆడితే గోలు పడ్డప్పుడు నాకు కోపం కూడా సరిగ్గా రాదు."

అతను రాశాడు. 'పిల్ల మా ఇద్దరిది. మరిచినా మేమే, వచ్చినా మేమే.' కింద సంతకం పెట్టి వెనక్కి తోశాడు.

"ఇది కుదరదయ్యా!"

"కుదిరేదాకా వస్తానండీ. రోజూ ఇదే వేళకి. శనివారం దాకా నేను. సోమవారం నుంచి మా ఆవిడ. ఆపై వారం మళ్ళీ నేను."

హెడ్మాస్టరు తన సర్వీసులో ఎందరో తల్లులను చూశాడు. ఇంటిని ఒంటిచేత్తో మోస్తూ, ఒకటికి నాలుగుసార్లు తిరిగి, ఐదోసారికి ఓపిక చచ్చి ఊరుకున్నవాళ్ళు. వీళ్ళు షిఫ్టుల మీద వస్తామంటున్నారు. గోడమీది క్యాలెండర్ వైపు చూశాడు. వేసవి సెలవులకు ఇంకా ఏడు నెలలున్నాయి.

"ఆవిడ కూడా మీలాగేనా?"

"నేను నయమండీ. ఆవిడ ముందు నాడి పట్టుకుని ఆ తర్వాత మాట్లాడుతుంది."

పక్కగదిలో గుమాస్తా ఆవిడకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

హెడ్మాస్టరు జాబితా లాక్కుని, కలం అవతలి పేజీలోకి దిగేలా పేరు రాశాడు. మెకానిక్ రాసిన కాగితాన్ని ఫైల్లో పెట్టకుండా సొరుగులో పడేశాడు. పడేసుకోనీ. సిరా ఆరకముందే పిడుగు గుమ్మం దాటేసింది. వరండా పొడవునా బూట్లు టకటకలాడాయి.

"ఆడపిల్ల, ఆ పరుగేమిటి! నెమ్మదిగా నడవమని మీరైనా చెప్పండి," అన్నాడు హెడ్మాస్టరు, ఏదో ఒకటైనా గెలవాలని.

"చెప్పనండీ," అని కుర్చీ వెనక్కి జరిపి లేచాడు మెకానిక్.