లంకలో దొడ్డిగుమ్మం

గున్నేశ్వరరావు చెవులకు మఫ్లరు చుట్టుకొని, తాడు కట్టిన కళ్లజోడును ముక్కు మీదికి లాక్కొని, ఒక్కొక్క పాల కేంద్రాన్నీ తెర మీద పలకరిస్తున్నాడు. అది బదులివ్వగానే "మంచిది" అని పైకే అనడం ఆయన అలవాటు. ఉద్యోగంలో ఇది ఆఖరి రోజైనా ఆ వరస మారలేదు. పాల కంపెనీ రాజమండ్రి కార్యాలయంలోని ఈ యంత్రాల గది చలికి ఆయన చెవులు ఏనాడూ అలవాటు పడలేదు. సన్నని మనిషి, ముంజేతుల మీద పైకి తేలిన నరాలు ఆ గది గోడ వెంట పాకిన తీగలను తలపిస్తాయి.

డెల్టా ఊళ్లలో పాలు తూచే యంత్రాలన్నీ రౌటర్ల ద్వారా ఈ గదితో కలిసి ఉంటాయి; ఆ లంకె తెగితే తూకం పడదు. ఏ రౌటరునైనా ఇక్కడి నుంచే సరిదిద్దవచ్చు. అయితే దాని దగ్గరకు చేరే దారి కూడా దాని గుండానే ఉంటుంది. పొరపాటున ఆ దారి తెగితే మనిషి బస్సెక్కి, రేవు దాటి వెళ్లి, రౌటరు వెనక తీగ గుచ్చవలసిందే. అందుకే ఆయన పట్టుబట్టి ప్రతి కేంద్రంలోనూ ఒక టెర్మినల్ సర్వర్ పెట్టించాడు. చిన్న ఇనుప డబ్బా. దానికి సొంత సిమ్ కార్డు. ఆఫీసు దారితో నిమిత్తం లేకుండా ఫోను దారిన అందులోకి ప్రవేశించి, అక్కడి యంత్రాల ఎదుట కూర్చున్నట్టే పని చేసుకోవచ్చు.

ఈ ఆలోచన ఆయనకు పుస్తకాల కంటే ముందు ఇంట్లోనే అబ్బింది. ఆయన తల్లి ఊరికి వెళ్లేటప్పుడు వీధి తలుపుకు లోపల గడియ పెట్టి, దొడ్డిగుమ్మం గుండా బయటికి వచ్చి తాళం వేసేది. వానకు ఉబ్బి వీధి తలుపు బిగుసుకున్నా ఆ ఇంట్లోకి వెళ్లడానికి ఎవరూ ఇబ్బంది పడలేదు. కాబట్టి ఏ రౌటరును ముట్టుకోబోయినా ముందు ఆ డబ్బాలోకి వెళ్లి కూర్చోవడం ఆయన నియమం. "దొడ్డిగుమ్మం తీశావా?" అని అడగనిదే, తనతో పనిచేసే సాయిప్రసన్నను ఒక్క అక్షరం కొట్టనిచ్చేవాడు కాదు.

మేనేజరు సత్యప్రసాద్‌కు మాత్రం అది ఏడాది పొడవునా ఎవరూ వాడని వస్తువు. గోదావరి నడుమ ఉన్న లంక ఊరి కేంద్రంలో గది ఇరుకు. ముందు అక్కడి డబ్బాను వెనక్కి తెప్పించి, ఏ లోటూ రాకపోతే మిగతావీ తీసేద్దామని ఆయన నిర్ణయం. ఉద్యోగం విరమిస్తున్నందుకు గున్నేశ్వరరావుకు బెంగ లేదు. తన వెనకే ఆ డబ్బాలూ ఇల్లు చేరతాయన్నదే ఆయన బెంగ.

ఆ ఉదయం లంక రౌటరులో బయటివారిని రానివ్వకుండా ఒక నిబంధన చేర్చవలసి వచ్చింది. ముందుగా డబ్బాను పిలిచాడు. పలకలేదు. డబ్బా ఇంకా అక్కడే ఉందనే ఆయన లెక్క; వరద రోజులు గదా, సిగ్నల్ పోయి ఉంటుందనుకున్నాడు. సరిగ్గా అప్పుడే సత్యప్రసాద్ ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెరిచి పట్టుకొని లోపలికి వచ్చాడు. పూతరేకు నోట్లో కరుగుతున్నంతసేపూ మనిషికి లోకం మీద నమ్మకం హెచ్చుగా ఉంటుంది. "ఒక్క లైనే కదా" అనుకొని కొట్టేశాడు.

తెర కదలలేదు. ఆ నిబంధన బయటివారితో పాటు ఆయననూ బయటికి నెట్టి తలుపు వేసుకుంది.

"కూర్చున్న కొమ్మ నరుక్కున్నానమ్మాయ్."

సాయిప్రసన్న నోరు తెరిచింది. "మీరా బాబాయ్‌గారూ? దొడ్డిగుమ్మం తీయకుండానే?"

అంతలోనే లంక కేంద్రం చూసుకునే రత్నమాణిక్యం ఫోను చేసింది. "ఏవండీ, తూకం మిషను ఆగిపోయిందండి! జనం క్యాన్లతో వరండా నిండా ఉన్నారండి. తూకం పడందే పాలు ట్యాంకులో పోయలేం కదండీ. కాజ్‌వే రోడ్డు మునిగింది, రేవులో బుల్లియ్య పడవ కట్టేశాడు. మీరొచ్చేసరికి ఈ పాలు విరిగిపోతాయండి."

"మన డబ్బాకి లైటు వెలుగుతోందా అమ్మా?"

"డబ్బా అట్టపెట్టెలో ఉందండి. సత్యప్రసాద్ గారు పంపెయ్యమన్నారని నిన్న ఊడదీసి సర్దేశాను. పడవ లేక ఆగిపోయిందండి."

సత్యప్రసాద్ పూతరేకుల పెట్టెను మెల్లగా బల్ల మీద పెట్టాడు. రావలసిన మనిషిని ఆపిన వరదే పోవలసిన డబ్బానూ ఆపింది.

"తీసి మళ్లీ పెట్టెయ్యమ్మా."

"ఏ తీగ ఎక్కడండీ? అన్నీ ఒకేలా ఏడ్చాయి!"

"పీలికలు చూడు."

భార్య సూర్యకళ పాత ఉప్పాడ చీరల అంచులు చింపి, తీగ కొసకూ అది దూరవలసిన చోటుకూ ఒకే రంగు ముక్క అంటించడం ఆయన పద్ధతి. కాగితపు చీటీ లంక చెమ్మకు నానిపోతుంది. జరీ అంచు పోదు.

"ఆయ్, దొరికిందండి. నెమలికంఠం రంగు రౌటరుకి... పసుపుది పక్కదానికి... పెట్టేశానండి. ఇంత మంచి అంచు చింపడానికి మీ ఆవిడగారికి చేతులెలా వచ్చాయండీ?"

"చింపింది నేనమ్మా. వారం పాటు చారన్నమే పెట్టింది."

డబ్బా పలికింది. గున్నేశ్వరరావు వేళ్లకు పూతరేకుల నెయ్యి అంటి ఉండడంతో సాయిప్రసన్నే కూర్చొని, ఫోను దారిన లోపలికి వెళ్లి, ఆ లైను చెరిపేసింది. మరుక్షణం ఫోనులో తూకం మిషను కూత, దాని మీదుగా వరండా అంతటి కేకలు వినిపించాయి. "తూగిందండోయ్!" అని రత్నమాణిక్యం అరిచింది.

సత్యప్రసాద్ నుదురు తుడుచుకున్నాడు. "నిజం చెప్పండి గున్నేశ్వరరావు గారూ, కావాలనే చేశారా ఏంటండి?"

"అంత తెలివే ఉంటే ఎప్పుడో మేనేజర్నయ్యేవాణ్ణి కదండీ."

అందరికంటే పెద్దగా నవ్వింది సత్యప్రసాదే. ఆ నవ్వు ఆగకుండానే, ఏ కేంద్రంలోనూ ఆ డబ్బాలను ఎవరూ కదపరాదని ఫోన్లు చేయించాడు.

మధ్యాహ్నం ఆ నిబంధనను సరిగ్గా రాయడానికి సాయిప్రసన్న కూర్చుంది. గున్నేశ్వరరావు తన ప్రశ్నను నాలుక చివరన పెట్టుకొని వెనక నిలబడ్డాడు. అడగక ముందే ఆమె డబ్బాలోకి వెళ్లి, అది పలికాక "మంచిది" అని పైకే అన్నది. ఆయన మఫ్లరు విప్పి మడత పెట్టుకొని, ఆమె పనికి అడ్డు రాకుండా తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లంకలో తీగల పొడవు చాలక రత్నమాణిక్యం ఆ డబ్బాను, అది ప్రయాణం కట్టిన అట్టపెట్టె మీదనే నిలబెట్టింది. పెట్టె మీద పెద్దగా రాసిన రాజమండ్రి చిరునామాను సగం కప్పుతూ నెమలికంఠం రంగు ఉప్పాడ పీలిక ఫ్యాను గాలికి ఊగుతోంది.