మొహమాటపు కజ్జికాయ

ఇంగ్లీషు నేర్చుకోవడానికి కర్ర ఎందుకో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. నాకు మాత్రం మొదటి శనివారమే అర్థమైంది. కర్ర ఎత్తుకుని ఎవరైనా మన మీదికి పరిగెత్తుకొస్తుంటే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక ఏ భాషలో అరవాలన్నదే సమస్య.

కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచిన ఏడాది అది. కంప్యూటర్ వచ్చిన ప్రతివాడినీ ఏదో ఒక దేశం పిలుస్తున్న రోజులు. మా నాన్న రంగనాథ్‌ను సింగపూర్ పిలిచింది. ఒంగోలు నుంచి అమ్మనూ నన్నూ తీసుకొచ్చి ఆంగ్ మో కియోలో ఒక ఫ్లాట్‌లో పెట్టాడు. వచ్చాక తెలిసింది, ఇక్కడి స్కూల్లో సీటు కావాలంటే ఇంగ్లీషులో పరీక్ష రాయాలని, రాసి ఊరుకుంటే చాలదు, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాలని కూడా. నేను తొమ్మిదో తరగతి దాకా తెలుగు మీడియం. నాన్న కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"పాసైతే మాతో ఇక్కడుంటావు నిఖిలా. లేకపోతే గుంటూరులో హాస్టలే. ఇంకేం చేస్తాం చెప్పు," అన్నాడు.

ఆ హాస్టల్ సంగతి నాకు తెలుసు. మా పెదనాన్న కూతురు త్రివేణి అక్కడ ఒక ఏడాది చదివి, జుట్టు కత్తిరించుకుని, మాటలు తగ్గించుకుని ఇంటికొచ్చింది. పలకరిస్తే నవ్వేది, అంతే. అమ్మానాన్నలు ఇక్కడ, నేను ఒక్కదాన్నే అక్కడ అనే ఊహతో రాత్రిళ్ళు దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

అప్పుడే లిఫ్ట్ పక్కన అంటించిన ఒక ప్రకటన నాన్న కంట పడింది. ఆటలాడుతూ, అన్నం తింటూ ఇంగ్లీషు నేర్పుతారట. నేర్పేది డెక్లన్ సర్. ఐర్లండ్ నుంచి వచ్చిన ఎర్రజుట్టు మనిషి. ఆట పేరు హర్లింగ్. వాళ్ళ దేశంలో తాతముత్తాతల నాటిదట. చేతిలో పొడుగు కర్ర, దాని చివర అట్లకాడలా వెడల్పుగా ఉంటుంది. బంతి పిడికిలంత, పైన తోలు, తగిలితే కమిలిపోతుంది. ఆ బంతిని గాల్లో ఉండగానే బాదుతారు. తలకు హెల్మెట్ ఇచ్చారు కానీ గుండెకు ఏమీ ఇవ్వలేదు.

సర్ పెట్టిన నియమాలు రెండే. మైదానంలో కాలు పెట్టింది మొదలు తిండి ముగిసేదాకా సొంత భాష మాట్లాడకూడదు. రెండోది, చూసినవాళ్ళు అరవాలి. బంతి పక్కవాడి మీదికి వస్తుంటే చూసి కూడా అరవకపోతే, తప్పు కొట్టినవాడిది కాదు, చూసి ఊరుకున్నవాడిది. ఈ రెండోదానితో నేను చచ్చేదాన్ని. చూసేదాన్ని, అన్నీ చూసేదాన్ని. మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఇరుక్కునేది. ఈలోపు బంతి ఎవడి మోకాలికో తగిలేది.

ఆట అయ్యాక పక్కనే, తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్ళేవాళ్ళం. ఎవరు తినేది వాళ్ళే అడిగి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాక సర్ ఒక్కొక్కరి పళ్ళెం చూపించి, "వాట్స్ ఇన్‌సైడ్?" అనేవాడు. లోపల ఏముందో చెప్పాలి. నేను మొదట్లో ప్రతివారం ఉత్త పరోటా తెచ్చుకునేదాన్ని. లోపల ఏమీ ఉండదు కనుక ఏమీ చెప్పనక్కర్లేదు. అలా ఎన్నాళ్ళు సాగుతుంది? ఒకరోజు సర్ నా ముందు మడతపెట్టిన తీపి అట్టు ఒకటి పెట్టాడు. "ఇన్‌సైడ్, పీనట్," అని నాచేత పలికించాడు. వేరుశనగపప్పును పీనట్ అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆ అట్టు బల్ల మీదికి రాగానే జున్‌హో లేచి వేరే బల్లకు వెళ్ళి కూర్చున్నాడు.

జున్‌హో కొరియా పిల్లవాడు. నాకంటే తక్కువ ఇంగ్లీషు వచ్చినవాడు ఆ గుంపులో వాడొక్కడే. అందుకే వాడంటే నాకు ఇష్టం. హాకర్ సెంటర్‌లో కూడా ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలోదే తినేవాడు. ఎవరేమిచ్చినా "నో, థ్యాంక్యూ" అనేవాడు. వాడిది బడాయి అని మిగతావాళ్ళు అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నాను.

ఇక మా అమ్మ ప్రభావతి. కర్రలు పట్టుకున్న గుంపులోకి ఆడపిల్లను ఒంటరిగా పంపడమా అని ప్రతి శనివారం నా వెంట వచ్చేది. గట్టు మీది బెంచీపై గొడుగు వేసుకుని కూర్చునేది. ఒళ్ళో స్టీలు డబ్బా. వట్టి చేతులతో నలుగురు పిల్లల మధ్యకు వెళ్ళడం ఆవిడకు చేతకాదు. మొదటివారం డెక్లన్ సర్‌కు చక్రాలు పెట్టబోతే ఆయన వద్దన్నాడు. అమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి ఆయన పగలబడి నవ్వి గుప్పెడు తీసుకున్నాడు. మా ఊళ్ళో మా నాయనమ్మా ఇంతే, మేమూ మూడోసారికి గాని తీసుకోం అని చెప్పాడు. నేను తెలుగులో చెప్తే అమ్మ మురిసిపోయింది.

"చూశావా? ఏ దేశమైనా మొహమాటం మొహమాటమే," అంది.

ఆ శనివారం అమ్మ కజ్జికాయలు తెచ్చింది. వేయించిన వేరుశనగపప్పు పొడి, బెల్లం, కాస్త కొబ్బరి కలిపి లోపల పెట్టింది. పైకి చూస్తే ఇక్కడ ప్రతి అంగట్లో అమ్మే అర్ధచంద్రాకారపు కర్రీపఫ్ లాగే ఉంటాయి. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు అందరికీ పంచుతూ జున్‌హో దగ్గరికి వచ్చింది.

"నో, థ్యాంక్యూ," అన్నాడు వాడు.

"ఒక్కటి తిను నాన్నా. ఎండన పడి పరిగెత్తి ఎట్టా చిక్కిపోయావో చూడు."

"నో, నో, ఆంటీ."

"పాపం, మొహమాటమే వీడికి," అని నావైపు చూసి నవ్వి, వాడి చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టేసింది. పెద్దవాళ్ళు చేతిలో పెట్టింది కాదనడం వాళ్ళ ఇంట్లోనూ తప్పేనేమో. వాడు రెండో చెయ్యీ కింద పట్టి, తలవంచి తీసుకున్నాడు. కర్రీపఫ్ అనుకున్నాడేమో కూడా. సగం కొరికాడు. నమిలి మింగాడు. వాడి ముఖం మారింది. మిగతా సగం గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి ఈల వేశారు. మళ్ళీ ఆట మొదలైంది.

కాసేపటికి వాడు కర్ర వదిలేసి నిలబడిపోయాడు. మెడ గోక్కుంటున్నాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎండ దెబ్బ అని సర్ పరిగెత్తుకొచ్చి నీడలోకి లాగాడు. హెల్మెట్ తీసి తల మీద నీళ్ళు పోశాడు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. పెదవులు ఉబ్బిపోయాయి. కళ్ళు పూడుకుపోతున్నాయి. ఊపిరి తీస్తుంటే గొంతులోంచి సన్నగా ఈల వస్తోంది. ఎండ దెబ్బకు పెదవులు ఉబ్బవని నాకు తెలుసు. ఒంగోలు ఎండ చూసినదాన్ని.

ఆ తీపి అట్టు గుర్తొచ్చింది. వాడు లేచి వేరే బల్లకు వెళ్ళడం గుర్తొచ్చింది. వాడి జేబు వైపు చూశాను.

అమ్మ నా పక్కకు వచ్చింది. నా ముఖం చూసి కనిపెట్టేసింది. నా మణికట్టు పట్టుకుంది.

"కజ్జికాయ వల్లనా?" అంది గొంతు తగ్గించి.

"వేరుశనగపప్పు వాడికి పడదనుకుంటానమ్మా."

"నోరెత్తమాక." అమ్మ పట్టు బిగిసింది. "పోలీసులొస్తారు. నాన్న ఉద్యోగం పాసు పీకేస్తారు. కట్టుబట్టలతో పోవాల్సొస్తది మనం. నీళ్ళు పోస్తన్నారుగా, తేరుకుంటాడులే."

అమ్మ చెడ్డది కాదు. అంత భయపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, అంతే. నాకూ అదే భయం. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే వెనక్కి పోతానని ఏడ్చాను. ఇప్పుడు నా నోట్లోంచి ఒక్క మాట వస్తే ముగ్గురం పోతాం.

సర్ ఫోన్ చేసి పిలిపించిన అంబులెన్స్ వచ్చింది. అందులోంచి దిగిన మనిషి జున్‌హో ముఖం చూడగానే చేతులు వేగంగా కదిలించాడు.

"వాట్ హీ ఈట్? బీ స్టింగ్, ఆర్ నాట్?"

"నథింగ్," అన్నాడు డెక్లన్ సర్. "తిండి ఆట అయ్యాకే."

ఆయన అబద్ధం చెప్పలేదు. కజ్జికాయలు పంచినప్పుడు ఆయన అవతలి గట్టున బంతులు ఏరుతున్నాడు. వాడు ఎవరేమిచ్చినా తినడని మిగతావాళ్ళ నమ్మకం, తినగా చూసింది నేను. ఆ మనిషి తేనెటీగ కుట్టిన గుర్తు కోసం జున్‌హో చేతులూ మెడా వెతుకుతున్నాడు. జున్‌హో గొంతులో ఈల ఆగిపోయింది. అది ఆగిపోవడమే అన్నిటికంటే భయంకరంగా ఉంది.

"పీనట్!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఇన్‌సైడ్, పీనట్! మై మదర్ గివ్. హీ సే నో. టూ టైమ్స్ హీ సే నో. మై మదర్ గివ్!"

అందరూ నావైపు తిరిగారు. ఆ మనిషి ఇంకో మాట అడగకుండా జున్‌హో తొడలో సూది గుచ్చాడు. జేబులో ఉన్న సగం కజ్జికాయ నేనే తీసి ఆయన చేతిలో పెట్టాను. స్ట్రెచర్ ఎక్కించారు. సర్ కూడా ఎక్కాడు. అంబులెన్స్ వెళ్ళిపోయింది.

అమ్మ గడ్డిలో కూర్చుండిపోయింది. నన్ను తిట్టలేదు. తలెత్తి అడిగింది.

"నిజంగానే వద్దన్నాడా వాడు? మొహమాటానికి కాదా?"

"మొహమాటానికి కాదమ్మా."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. నా మణికట్టు మీద ఆవిడ గాజుల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాం. ఆయన బీరువా తెరిచి పాస్‌పోర్టులు తీసి టీవీ మీద పెట్టాడు. లిఫ్ట్ మా అంతస్తులో ఆగిన ప్రతిసారీ ముగ్గురం తలుపు వైపు చూశాం. పొద్దుగూకే వేళకు ఫోన్ మోగింది. నాన్న ఎత్తలేకపోయాడు. నేనే ఎత్తాను. డెక్లన్ సర్. వాడు ఊపిరి తీస్తున్నాడట, కళ్ళు తెరిచాడట, ఏమి తిన్నాడో ఇంకాస్త ఆలస్యంగా తెలిసుంటే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట. కొరియా భాషలో తప్ప ఆ జబ్బు పేరు వాడికి తెలియదట. అందుకని వాళ్ళమ్మ వాడికి ఒక్క మాటే నేర్పి పంపిందట, నో అని. నేను ఒక్కొక్క ముక్కే తెలుగులో చెబుతుంటే అమ్మ గోడకు ఆనుకుని విన్నది.

పోలీసులు రాలేదు. అయినా వారమంతా మా ఇంట్లో ఎవరికీ తిండి సరిగా దిగలేదు. స్కూల్లో సీటు ఆ తర్వాత వచ్చిందిలెండి. ఆ పరీక్షలో ఎదురుగా కూర్చున్న ఆవిడను చూస్తే నాకు భయం వేయలేదు. అంతకంటే పెద్ద భయం చూసి వచ్చాను.

మళ్ళీ జున్‌హో మైదానానికి వచ్చిన రోజు అమ్మ డబ్బా తెచ్చింది. వద్దని నేనూ నాన్నా ఎంత చెప్పినా వినలేదు. ఈసారి లోపల కొబ్బరి, పంచదార మాత్రమే. కొత్త మూకుడు, కొత్త నూనె. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ముందురోజంతా నాచేత నేర్పించుకుంది. ఆట అయ్యాక వాడి ముందుకెళ్ళి ఒక కజ్జికాయ విరిచి లోపలిది చూపించింది.

"ఇన్‌సైడ్, కోకోనట్. షుగర్. నో పీనట్," అంది. "యూ... వాంట్?"

జున్‌హో ఒక అడుగు వెనక్కి వేశాడు. "నో, ఆంటీ," అన్నాడు చాలా నెమ్మదిగా.

"ఓకే," అంది అమ్మ వెంటనే.

వాడు తలవంచి దండం పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ నావైపు తిరిగింది. ఎండలో పరిగెత్తి నా కడుపు నకనకలాడుతోంది.

"నీకో?" అంది.

"వద్దులేమ్మా," అన్నాను, ఎప్పుడూ అనేలాగే, అంటూనే చెయ్యి చాచాను.

అమ్మ నా చెయ్యి చూడలేదు. డబ్బా మూత గట్టిగా నొక్కి సంచిలో పెట్టేసింది. ఇంకోసారి అడుగుతుందని ఇల్లు చేరేదాకా ఎదురుచూశాను. అడగలేదు.