పెట్టెలో మారిన సమీక్ష

నేను ఒక దుర్భిణిని, నాటకాలు చూసేవాళ్లు కళ్లకు పెట్టుకునే చిన్నరకం. ఆ సోమవారం నా యజమానురాలు లోరె వెండ్ట్ పత్రిక విప్పి, తన పేరు కింద తాను రాయని సమీక్ష చూసి నిర్ఘాంతపోయింది.

యుద్ధానికి ముందు యేనా ఊళ్లో నా అద్దాలు సానపట్టారు. లోరె తండ్రి నన్ను కొన్నాడు, ఆయన పోయాక ఆమె చేతికొచ్చాను. అప్పటికి బెర్లిన్ రెండు ముక్కలైంది. గోడ ఇంకా లేదు, రైలెక్కితే అవతలి వైపు. ఆమె పడమటి పత్రికకూ, ఒట్మార్ క్లేన్ తూర్పు పత్రికకూ సమీక్షలు రాసేవారు. ఆదివారం పొద్దుటి ఆటకు తూర్పు నాటకశాలలో, చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఆమె మొదటి నాటకం చూసిన హాల్లోనే, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నన్ను పంచుకునేవారు.

"నాకివ్వు, హీరోయిన్ ఏడుస్తోందో లేదో చూడాలి" అనేది లోరె.

"ఏడ్చిందనే రాస్తాను, చూడక్కర్లేదు" అనేవాడు ఒట్మార్.

తెర లేవకముందే తీర్పులు ఖాయమయ్యే ఊళ్లో నా అద్దాలతో వీళ్లకేం పనా అనుకునేదాన్ని. లోరె మాత్రం బాగుంటే బాగుందనే రాసేది. పడమటి పత్రికలో ఆ మెప్పు కోసమే తూర్పువాళ్లు ఆమెను రానిచ్చేవారు. ఇప్పుడు నేనుంటున్న మ్యూజియంలో చలికాలం వస్తే, ఆ హాల్లో తడికోట్ల వాసన గుర్తొస్తుంది.

ఆట అవగానే అక్కడి క్యాంటీన్లో సమీక్ష రాసి, నా తోలుపెట్టెలో మడిచి పెట్టి, పడమటి వైపు ప్రెస్సులో పెట్టెతో సహా ఇచ్చేసి, మర్నాడు నన్ను తెచ్చుకునేది. ఆ ఆదివారం పెట్టెను క్యాంటీన్ బల్ల మీద వదిలి ఆమె కోటు కోసం వెళ్లినప్పుడు ఎవరిదో చెయ్యి కాగితాలు మార్చింది. చూడడమే నా వృత్తి, కానీ పెట్టెలో బోర్లా పడి ఉన్న నాకేం కనిపిస్తుంది?

సోమవారం ఆ సమీక్ష చదువుతూ, 'హీరో ప్రేమించడం లేదు, పార్టీ తీర్మానం చదువుతున్నాడు' అన్న వాక్యం దగ్గర లోరె నవ్వింది. రాసిందెవరో ఆమెకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

బుధవారం లోరెనూ ఒట్మార్‌నూ తూర్పు నాటకశాలకు పిలిచారు. పార్టీ తరఫున అక్కడ పెత్తనం చేసే హెల్విగ్ పత్రికను బల్ల మీద నాకు ఆనించి పెట్టాడు.

"తప్పయిందని రాయండి వెండ్ట్ గారూ. లేకపోతే ఈ గడప మళ్లీ తొక్కరు."

లోరె నన్ను గట్టిగా పట్టుకుంది. "అందులో అబద్ధమేమీ లేదు. రాయను."

హెల్విగ్ ఒట్మార్ వైపు తిరిగాడు. "అయితే కామ్రేడ్ క్లేన్, దీనికి గట్టి జవాబు మీరు రాయండి."

ఒట్మార్ లేచి నిలబడ్డాడు.

"రాయలేను, కామ్రేడ్. అది నా రాతే. రిహార్సల్ చూసొచ్చి రాసుకున్నాను. ఆదివారం ఆమె పెట్టెలో నేనే మార్చాను. ఆమెను రానివ్వండి, ఆపాల్సింది నన్ను. పదేళ్లుగా నా పేరుతో వచ్చినవన్నీ మీరు చెబితే రాసినవి. నేననుకున్నది ఒక్కసారి అచ్చులో చూడాలనిపించింది. సోమవారం రైలెక్కి పడమటి వైపు వెళ్లి, ఆ పత్రిక కొనుక్కుని, ప్లాట్‌ఫారం మీదే నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాను."