దిద్దని కాగితం

ఆస్ట్రేలియాలోని డాండినాంగ్‌లో మార్కెట్ వెనకాల హాల్లో లొరేన్ టీచర్ మాకు ఇంగ్లీషు నేర్పేది. క్లాసులో అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన మా హజారా ఆడవాళ్ళమే ఎక్కువ. ఏ భాషలోనూ అక్షరం రాకుండా బతికి, యాభై దాటాక కలం పట్టినదాన్ని నేను. నా పక్కన కూర్చునే నెక్‌బఖ్త్ కాగితం ప్రతివారం ఎర్ర గీతలతో తిరిగి వచ్చేది.

"చూడు హవాగుల్ పిన్నీ, కోడిని కోసినట్టు కోసేసింది," అనేది. "ఎర్ర గీత గియ్యకపోతే ఈవిడకి టీ గొంతు దిగదు."

నా భర్త ఖుదాదాద్ కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తూ పోయాడు. పెట్టెల అరలు కూలి ఆయన మీద పడ్డాయి. అవి ఒరుగుతున్నాయని ఆయన మేస్త్రీకి ముందే చెప్పాడు. ఇంటికొచ్చి నాతోనూ అన్నాడు. తమకెవరూ చెప్పలేదని కంపెనీ వాదన. మరణ విచారణలో ఆ సంగతి నా చేత్తో ఇంగ్లీషులో రాసి ఇవ్వాలనుకున్నాను. అంతకుముందు ఒక దుబాసీ నా మాటల్లో సగం మింగేశాడు. అందుకే ఈసారి దుబాసీ వద్దన్నాను.

రాసింది క్లాసులో పైకి చదువుతూ ఏడ్చాను. టీచర్ మధ్యలో ఏదో అడగబోతే నెక్‌బఖ్త్ ఆపింది.

"వద్దు టీచర్. పోయిన మొగుడి గురించి భార్య చెప్తుంటే మావాళ్ళల్లో ఎవరూ అడ్డురారు. తప్పు."

టీచర్ కలం మూసేసింది. మరుసటి వారం నా కాగితం మీద ఒక్క గీత లేదు. అడుగున "చాలా బాగుంది" అని మాత్రం ఉంది.

"ఇంకేం పిన్నీ, టీచర్ ఉద్యోగం నీదే!" అంది నెక్‌బఖ్త్.

దాన్నే సాపుగా రాసి విచారణలో ఇచ్చాను. అక్కడి గుమాస్తా తడబడుతూ చదివాడు. అధికారి కళ్ళజోడు తీశాడు.

"అమ్మా, అరలు ఒరిగాయని ఎవరు ఎవరితో అన్నారు? ఎప్పుడన్నారు? దుబాసీని పిలిపించమంటారా?"

"వద్దండీ. అంతా అందులోనే ఉంది."

ఆయన నెమ్మదిగా తలూపి కాగితం పక్కన పెట్టాడు. కంపెనీని ఎవరైనా ముందుగా హెచ్చరించినట్టు ఆధారం లేదని తేల్చారు.

టీచర్ దగ్గరికి వెళ్ళాను.

"ఇందులో తప్పులున్నాయా టీచర్?"

"ఉన్నాయి."

"మరి దిద్దలేదేం?"

"మీ ఏడుపు మీద గీత ఎలా గియ్యను హవాగుల్? పైగా మీ పద్ధతి కాదన్నారు కదా."

"ఆ పద్ధతి చావింట్లో, టీచర్. ఏడవడానికైతే మా ఇల్లు చాలు. మీ దగ్గరికి రాయడం నేర్చుకోడానికొచ్చాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను ఓదార్చలేదు. ఎర్ర కలం మూత తీసి ఆవిడ చేతికిచ్చాను. దిద్దడం ముగిసేసరికి కాగితం మీద తెల్లచోటు మిగల్లేదు.

ఇంటికొచ్చి ఒక్కో గీతా చూసుకుంటూ మళ్ళీ రాశాను. అరలు ఒరుగుతున్నాయని నా భర్త మేస్త్రీకి చెప్పాడు. ఇప్పుడు ఎవరు చదివినా తెలుస్తుంది. ఎవరికివ్వాలో తోచక, మడిచి, తలుపు వెనక వేలాడుతున్న ఆయన కోటు జేబులో పెట్టాను.