ప్రాగ్‌లో కిందికి దిగే మెట్లు

ట్రామ్ ఉంటే ఎంత బాగుండేది, ట్రామ్‌లో కిటికీ ఉంటుంది, మధ్యలో ఆగిపోయినా తలుపు తీసుకుని రోడ్డు మీదికి దిగొచ్చు, పైన ఆకాశం ఉంటుంది, కానీ ఈ వీధిలో పట్టాలు తవ్విపోశారు, ఇవాళే తవ్వాలా వీళ్లకి, అని ఎవాల్డ్ తిట్టుకుంటూ ఉండగానే అతని భార్య రూజా చెయ్యి పట్టుకుని మెట్రో గుర్తు వైపు లాగింది, ఇంకొక్క అడుగు వేశానంటే కాలు ఊడి చేతికొస్తుంది ముసలోడా, పొద్దున్నుంచీ నడిపించి చంపావు, కాలినడకన వస్తామని ఎవరికైనా మొక్కుకున్నావా ఏంటి, అంది, ఆమె కోపంలో న్యాయం ఉంది, పొద్దున్నుంచీ ఆమె మెట్రో అన్నప్పుడల్లా అతను ఒక సాకు చెప్పాడు, ఎండ బాగుందన్నాడు, నడిస్తేనే ఊరు తెలుస్తుందన్నాడు, సాకులన్నీ అయిపోయాయి, ఇప్పుడు చినుకులు కూడా మొదలయ్యాయి, కొత్త బూట్లు కరిచి ఆమె మడమ దగ్గర మేజోడు ఎర్రగా తడిసింది, బస తీసుకున్న ఇల్లేమో కొండ మీదెక్కడో ఉంది.

నిజానికి వంతెన మీద ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు, నది, గాలి, రాతి విగ్రహాల తలల మీద పావురాలు, రూజా సాసేజ్ కొని ఆవాల ముద్ద ముక్కుకి పూసుకుని నవ్వింది, ఊరి నడిబొడ్డున గోపురానికున్న పాత గడియారం దగ్గరే చెడింది, గంట కొట్టే వేళకి జనమంతా ఫోన్లు పైకెత్తారు, గడియారం పక్కనున్న అస్థిపంజరం బొమ్మ గంట తాడు లాగింది, అచ్చం మీ గని ఫోర్‌మన్‌లా లేడూ, అంది రూజా, అందరూ నవ్వారు, అతనూ నవ్వబోయాడు, కానీ ఆ గంట చప్పుడు గంటలా వినబడలేదు, ఇనప గొట్టం మీద రాయి పెట్టి కొట్టినట్టు వినబడింది, ఫ్రాంచిక్ కొట్టినట్టు, బొగ్గు గనిలో పైకప్పు కూలినప్పుడు రాళ్లకి అటువైపు ఇరుక్కుపోయిన తోటి పనివాడు ఫ్రాంచిక్, ఉన్నానని చెప్పడానికి గొట్టం మీద కొడుతూ ఉన్నాడు, ఇటునుంచి ఎవాల్డ్ కొడుతూ ఉన్నాడు, తరవాత అటువైపు ఆగిపోయింది, ఎవాల్డ్ మాత్రం కొడుతూనే ఉన్నాడు.

అది చలికాలం మాట, ఇప్పుడు వేసవి, పక్కటెముకలు అతుక్కున్నాయి, నీ గుండె గుర్రం గుండెరా, నిక్షేపంగా దిగొచ్చు, అన్నాడు గని డాక్టరు, ఎల్లుండి సోమవారం పొద్దున్న షిఫ్ట్, పెళ్లయిన దగ్గర్నుంచీ అనుకుంటున్న ప్రాగ్ ఈలోపు చూసేద్దామని రూజానే బయల్దేరదీసింది, గని మనిషి పింఛనుకి ఇంకా నాలుగేళ్లు పని చెయ్యాలి, నాలుగేళ్లెంతలే అని తమ ఊరు రిబ్నిక్‌లో అందరితో తనే అన్నాడు, బీరు గ్లాసు బల్ల మీద కొట్టి మరీ అన్నాడు, ఆ రాత్రి పక్క తడిసేంత చెమట పట్టింది, రూజాకి జ్వరమని చెప్పాడు, ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసి, పొడి దుప్పటి తెచ్చి పరిచింది.

లోపల టికెట్‌ని పసుప్పచ్చ పెట్టెలో పెడితే టక్కున అచ్చుపడి మళ్లీ చేతికే వచ్చింది, అతను దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు, దీన్ని ఎవరికివ్వాలి, అన్నాడు, ఎవరికీ ఇవ్వక్కర్లేదు, జేబులో పెట్టుకో, అంది రూజా, మరి లోపలెవరున్నారో వీళ్లకెలా తెలుస్తుంది, గనిలో దీపం తీసుకునేటప్పుడు నంబరు బిళ్ళ ఇచ్చి దిగుతారు, పైకొచ్చాక తీసుకుంటారు, మేకుకి బిళ్ళ వేలాడుతూ మిగిలిపోయిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని, వెతుకుతారు, ఇక్కడ ఇన్ని వేలమంది దిగిపోతున్నారు, ఎవడి లెక్కా ఎవడికీ లేదు, వీళ్లకి భయం లేదా, అరచేతిలో టికెట్ తడిసి మెత్తబడింది.

కదిలే మెట్ల మొదట్లో వెచ్చని గాలి కిందినుంచి మొహానికి కొట్టింది, ఇనుము, నూనె, నలిగిన దుమ్ము, ఆ వాసన అతనికి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలుసు, గనిలోకి దిగేముందు ఎప్పుడూ అనేమాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, దేవుడు చల్లగా చూడాలి, పైకే అనేశాడు, ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసి పక్కకి జరిగింది, రూజా మెట్టెక్కేసింది, అతని కాలు మాత్రం లేవలేదు, లెమ్మంటే లేవలేదు, వెనక ఎవరో చెక్ భాషలో విసుక్కున్నారు, భుజాలు రాసుకుంటూ దాటిపోయారు, మెట్లు దిగే సొరంగం అడుగు కనబడటం లేదు, దీపాలు మాత్రం వరసగా చిన్నవైపోతున్నాయి, పరిగెత్తు, బయట వాన ఉంది, ఆకాశం ఉంది, పరిగెత్తు, అంటోంది ఒళ్లంతా, అప్పుడు కింద రూజా నీలం రుమాలు కట్టిన తల వెనక్కి తిరిగింది, ఎవాల్డూ, అని పిలిచింది, ఆ పిలుపులో వేళాకోళం లేదు, రెండు చేతులతో పక్క పట్టీని కరుచుకుని ఉంది, నిలబడిందో కూలబడిందో తెలియడం లేదు, చూస్తుండగానే చిన్నదైపోతోంది, దాన్ని ఒక్కదాన్నీ కిందికి ఎలా పంపిస్తాను అనుకున్నాడు, అంతే, కాళ్లు వాటంతటవే కదిలాయి, మనుషుల్ని తోసుకుంటూ మెట్ల మీద మెట్లు దిగాడు, ఊపిరి పీలుస్తున్నాడో లేదో చూసుకోలేదు.

కింద బెంచీ మీద కూర్చోబెట్టాక కూడా ఆమె మొహంలో నెత్తురు లేదు, రైలొకటి వచ్చి వెళ్లిపోయింది, ఇంత లోతా, అంది, నిజం చెప్పు, మీ గని దీనికంటే లోతా, అబద్ధాలు అతనికెప్పుడూ అచ్చిరాలేదు, ఇలాంటివి పదిహేను ఒకదాని కింద ఒకటి పెట్టాలి, అన్నాడు, ఆమె కళ్లు మూసుకుంది, మన బంగాళాదుంపల నేలమాళిగ ఉంది చూడు, గనంటే అంత ఉంటుందనుకునేదాన్ని, కాదని తెలుసు, అయినా నువ్వు పొద్దున్నే సైకిలెక్కి వెళ్లగానే నేలమాళిగలోకే దిగాడు, ఏ బంగాళాదుంపలు తేవడానికో దిగాడు, అని చెప్పుకునేదాన్ని, అలా చెప్పుకోకపోతే చేతులాడేవి కాదు, ఇరవై రెండేళ్లు, నీకెందుకు చెప్పలేదంటే నీకు భయమంటే తెలీదు కదా, నవ్వుతావేమోనని, అంది, ఇంకో రైలొచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు వాళ్లని, నాకు భయంగా ఉంది రూజా, నేనింక దిగలేను, అన్నాడతను, అనేశాక పైకప్పేమీ కూలలేదు, ఆమె నవ్వలేదు, తన చేతిని అతని చేతిలో పెట్టి అలాగే కూర్చుంది, అప్పుడతనికి తెలిసింది, తమ ఇంట్లో భయపడుతున్నది తానొక్కడే కాదని, తనకు భయమంటే ఏమిటో తెలియని రోజుల్లో కూడా ఇద్దరి భయాన్నీ ఆమె ఒక్కతే మోసిందని.