సొరుగులో పెట్టిన మాట

రండి, ఇంకాస్త ముందుకు జరగండి. వెనక గోడకు ఆనుకున్న వదినా, మీరు కూడా. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. ఆ పైవాడు మనకు నోరెందుకు ఇచ్చాడో తెలిపే చిన్న ముచ్చట. ఓ చెవి ఇటు వేయండి, చాలు.

ఒక ఆసుపత్రి వెనకాల బట్టలుతికే షెడ్డు ఉండేది. పొద్దున ఆరింటికల్లా మేస్త్రీ వచ్చి తలుపు తీసేవాడు. నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతుంది కాబట్టి అందరికీ ఆయన తాళాలాయన. లోపల రెండు గదులు. ఒకటి తొట్ల గది, మోచేతుల దాకా చన్నీళ్లు. రెండోది ఇస్త్రీ గది, ముఖం నిండా ఆవిరి. మధ్యాహ్నం పన్నెండింటి గంట కొట్టగానే అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారేవాళ్లు.

తాళాలాయనకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. "బీరువాకు తాళం వేస్తారు, పడిందా లేదా అని లాగి చూస్తారు, లాగింది తనేనా అని మళ్లీ చూస్తారు," అని వాళ్లావిడ చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది. ఆయన మాత్రం నవ్వినవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకునేవాడు.

షెడ్డులో కొత్త మాట పుడితే, ఎక్కడైనా పడినట్టే, నేలమీద పడేది. బఠాణీ గింజంత ఉండి, అప్పుడే పెట్టిన గుడ్డులా వెచ్చగా ఉండేది. రెండు పాత మాటలు కలిసి పుట్టినదైతే నడుమ సన్నటి కుట్టు కనబడేది. పాత మాటకే 'తనం' అనో 'కాడు' అనో తగిలిస్తే పుట్టినదానికి బుల్లి తోక ఉండేది. పరాయి భాష నుంచి దిగినదైతే కొన్నాళ్లు తడబడుతూ దొర్లేది. తర్వాత ఎవరో ఒకరు బస్సుకీ పెన్నుకీ తొడిగినట్టు దాని చివర ఒక 'ఉ' తొడిగేవాళ్లు, ఇక అది ఇంటిదైపోయేది. పదిమంది నోళ్లలో నానాక ఆ గింజ కరిగిపోయేది. అందాకా గింజ పోతే మాటా పోతుందని, ఊడ్చేవాళ్లు చీపురు తగలకుండా దాన్ని ఓ పక్కకు జరిపేవాళ్లు.

ఒకరోజు పన్నెండింటికి తాళాలాయన కంట రెండు సంగతులు పడ్డాయి. ప్రతి బల్ల మీదా ఒక తువ్వాలు ఆసుపత్రికి పోయే మూటలో చేరకుండా, నాలుగు మడతలేసి విడిగా ఉంది. ఆడవాళ్లు ఏదో మాట అనుకుని నవ్వుకుంటూ, ఈయన్ని చూడగానే నోళ్లు కట్టేసుకున్నారు. ఎడమచేత్తో ఇస్త్రీ చేసే ఒకావిడ ఉంది, అందరూ ఎడమచేతక్క అంటారు. ఆవిడ బల్ల కింద కుట్టున్న మాటొకటి మెరుస్తోంది.

ఆయన వంగి దాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది విచ్చుకోలేదు. మాట అవసరం పడినవాడి దగ్గరే విచ్చుకుంటుంది కదా. తువ్వాళ్లు బయటికి పోతున్నాయని, ఇది వాళ్ల సంకేతమని ఆయన లెక్క తేల్చేసుకున్నాడు. గింజను సొరుగులో పడేసి తాళం వేశాడు, రెండుసార్లు లాగి చూశాడు.

ఎడమచేతక్కను పిలిచి తువ్వాళ్లు ఎందుకు పక్కన పెడుతున్నారని అడిగాడు. ఆవిడ సొరుగువైపు చూపించింది.

"మాట మీ సొరుగులో ఉంది సార్. దేంతో చెప్పమంటారు?"

"మిగతా మాటలకేమైంది? వాటితో చెప్పు."

"అది... చేతులకి... వచ్చేవాళ్లకి..."

"వచ్చేవాళ్లా? ఎవరమ్మా ఆ వచ్చేవాళ్లు?"

శనివారం పన్నెండులోపు నిజం చెప్పకపోతే ఉద్యోగం పోతుందని ఆయన తేల్చేశాడు. మంచాన ఉన్న మొగుడు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, అందరూ ఆ ఒక్క జీతం మీదే బతుకుతున్నారని షెడ్డంతటికీ తెలుసు. తాళాలాయనకూ తెలుసు. అలాంటివాళ్లకే అవసరం ఎక్కువని ఆయన అనుమానం.

మాట పోయాక రెండు రోజుల్లో ఆ పని కూడా జారిపోయింది. బల్లల మీద తువ్వాళ్లు కనబడలేదు. ఏదో మర్చిపోయామని అందరికీ తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. తొట్ల దగ్గర్నుంచి వచ్చినవాళ్ల వేళ్లు ఇస్త్రీపెట్టె మీద నిలవక, ఒక డాక్టరుగారి కోటు మాడింది. దొంగలు జాగ్రత్తపడ్డారని తాళాలాయన లోలోపల మురిసిపోయాడు.

"ఏమైనా దొరికిందా నాయనా?" అని తొట్ల దగ్గరి ముసలి పిన్ని ఎత్తిపొడిచింది.

"దొరుకుతుంది పిన్నీ, ఎక్కడికి పోతుంది."

శనివారం పదకొండింటికి తొట్ల గది తూము పూడుకుపోయింది. అందులో ఏదో దాచారని ఆయనకు తోచింది. ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. అరగంటసేపు భుజం దాకా చన్నీళ్లలో చెయ్యి మార్చి చెయ్యి దేవి, చివరికి నూలుపీచు ముద్దొకటి బయటికి లాగాడు. దాన్ని విప్పి కూడా చూశాడు. పీచే.

ఇస్త్రీ గదికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ముందు ఎడమచేతక్కను పనిలోంచి తీసేస్తున్నట్టు రాసిన కాగితం ఉంది. కింద సంతకం ఒక్కటే తక్కువ. పెన్ను పట్టుకుంటే జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. వేళ్లు కొంకర్లు పోయి, తనవి కానట్టున్నాయి.

ఎడమచేతక్క ఆఖరి తువ్వాలు ఇస్త్రీ చేస్తోంది. ఆ కాగితం ఎవరి గురించో ఆవిడకు తెలుసు. ఆయన చేతులవైపు ఒకసారి చూసింది. తువ్వాలును నాలుగు మడతలేసి, కాగితం పక్కకు జరిపి, ఆయన ముందు పెట్టింది. పెట్టి, ఏప్రాన్ ముడి విప్పుకోవడానికి అటు తిరిగింది.

ఆయన ముందు తువ్వాలు తిప్పి చూశాడు. మడత మడతా ఎత్తి చూశాడు. ఏమీ లేదు, వేడి తప్ప. అప్పుడు చేతులు లోపలికి దూర్చాడు.

వేడి మణికట్టు దాటి మోచేతులకు పాకింది. సొరుగులో టక్కుమని చిన్న చప్పుడు. ఆయన నోట్లో ఏదో విచ్చుకుంది, ఎంత బిగపట్టినా ఆగలేదు.

"వెచ్చవాటా," అన్నాడు తాళాలాయన.

గుమ్మంలో తడి చేతులతో నిలబడ్డ పిన్ని తల ఊపింది. "అదే నాయనా. తొట్ల నుంచి వచ్చేవాళ్లకి మేం వదిలే వెచ్చవాటా. చేతులు కాచుకున్నాక తువ్వాలు మూటలోకే పోయేది." గదిలో ఒక్కొక్కరూ ఆ మాటను నెమ్మదిగా అన్నారు, పంటి నొప్పి తగ్గినవాళ్లు నమిలి చూసుకున్నట్టు.

తాళాలాయన వేళ్లు ఇప్పుడు వంగుతున్నాయి. సంతకం పెట్టగలడు. కాగితాన్ని కాసేపు అనుమానంగా చూశాడు, ఇంకెవరో రాసిపెట్టినట్టు. చింపి తడి పీచు ముద్దతో పాటు చెత్తలో వేశాడు.

"ముడి బిగించుకోమ్మా, సోమవారం దుప్పట్లు చాలా ఉన్నాయి," అన్నాడు ఎడమచేతక్కతో, ఆవిడ ముఖం చూడకుండా. లేచి తన కుర్చీ పిన్నివైపు జరిపాడు. తువ్వాలు కూడా జరిపాడు. "ఇంకా వేడి ఉంది పిన్నీ."

గంట కొట్టింది.

ఇదీ సంగతి. ఇంటికి పోయాక కథ మర్చిపోయినా నేనేమీ అనుకోను. తన కూడు తీయబోతున్న చేతులు కొంకర్లు పోవడం చూసి, ఆ తల్లి తువ్వాలు వాటి ముందుకు జరిపింది చూశారూ, ఆ ఒక్క పనిని గుర్తుపెట్టుకోండి. ఈ వారంలో ఒక్కసారి, మీకు గిట్టనివాళ్ల దగ్గరే, మీరూ చేయండి. చేసినట్టు ఎవరికీ చెప్పక్కర్లేదు, పైవాడు చూస్తూనే ఉంటాడు.