దేవీప్రసాద్ కెమెరాకి బొట్టు

అనకాపల్లి స్టేషన్ రోడ్డులో మా కొట్టు బోర్డు మీద పెద్దక్షరాల్తో 'త్రినాధ్ కెమెరా రిపేర్స్' అని ఉంటాది. త్రినాధరావు మా ఆయన. ఆ బోర్డు ఎనక, కౌంటరెనక, పువ్వుల కర్టెనెనక స్టూలేసుకుని కూర్చుని రిపేర్లు సేసేది నేను. నా పేరు గంగాభవాని. మొన్న దసరా దాకా ఈ ముక్క ఊళ్ళో ఎవడికీ తెలీదు. తెలిసినా నమ్మరు. ఆడది గరిటె పట్టాలి గానీ స్క్రూడ్రైవరు పడతాదేటి.

ముందునుంచీ ఇలాగ లేదులెండి. రీలు కెమెరాల రోజుల్లో ఆయనే మొనగాడు. ఆయన షట్టరు ఇప్పుతుంటే నేను పక్కన టార్చి పట్టుకునేదాన్ని. పట్టుకోగా పట్టుకోగా పని నా సేతికి వచ్చీసింది. తర్వాత సుగరు ఆయన కళ్ళ మీద కొట్టింది. మొదట సన్న స్క్రూలు కనబడలేదు, తర్వాత పెద్ద స్క్రూలు. ఇప్పుడు ఎదురుగా మనిషి నిలబడితే నీడ కనబడతాది, అంతే. గొంతు బట్టి పోల్చుకుంటాడు. కొట్లో ఏది ఎక్కడుందో సేతికి అలవాటే గాబట్టి పైకి తెలీదు. బ్యాటరీ అడిగితే బ్యాటరీ, మెళ్ళో ఏసుకునే బెల్టు అడిగితే బెల్టు, లెన్సు తుడుసుకునే గుడ్డ అడిగితే గుడ్డ తడుముకోకుండా తీసిత్తాడు.

సెకండ్ హ్యాండ్ కెమెరా పట్టుకొచ్చి, "గురూగారూ, ఇది కొనొచ్చా?" అనడుగుతారు. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పెద్ద మనిషిలాగ తలూపి, "లోపల లైటు కింద సూసొత్తానుండు" అనీసి కర్టెనెనక్కి వత్తాడు. నేను లెన్సులోకి టార్చి ఏసి బూజుందేమో సూత్తాను. మనది సముద్రపు గాలి కదా, పాయకరావుపేట నుంచి వచ్చే లెన్సుల్లో సగానికి బూజే. బ్యాటరీ మూత కింద తుప్పు సూత్తాను. షట్టరు సప్పుడు ఇంటాను. "వద్దనండి, కింద పడేసిన సరుకు, మూల నొక్కుంది" అని సెవిలో సెప్తాను. ఆయన బయటికెల్లి, "సూడు బాబూ, దీని ఆత్మ ఎప్పుడో పోయింది" అంటాడు. ఆత్మట. నేను నొక్కంటే ఈయనకి ఆత్మ అయిపోయింది. ఆళ్ళేమో దండం పెట్టి మరీ ఎల్తారు.

బెల్లం మార్కెట్ దగ్గర ఫొటోలు తీసే రాములు కెమెరాలోకి ఓసారి సీమలు పట్టీసేయి. పాకం తగిలి బటన్లన్నీ అతుక్కుపోయేయి. ఒక్కో బటనూ పీకి, తుడిసి, ఆరబెట్టి, మళ్ళీ కూర్చింది నేను. రాములు అరటిగెల పట్టుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టేడు. ఆ పళ్ళు నేనూ తిన్నాను. తొక్కలు ఊడ్సింది కూడా నేనే.

పేరు కోసం ఏడుత్తన్నాననుకోకండి. పేరు కోసం కూడా ఏడ్సేను, అది వేరు. కానీ అసలు భయం ఏటంటే, ఇంకొన్నాళ్ళకి ఆ నీడలు కూడా కనబడవన్నాడు డాక్టరు. ఆ రోజు రాకముందే పని నాదని జనానికి తెలవాలి. లేకపోతే ఈయనకి సూపు లేదని బయటపడ్డ నాడే కొట్టుకి తాళమేసుకోవాలి. నాకు వేరే పని రాదు. ఈ వయసులో నేర్సుకోలేను. ఈ మాట ఆయనకి ఎన్నిసార్లు సెప్పి పోరేనో నాకే తెలీదు. ఆకరికి ఈ ఏడు దారికొచ్చేడు.

"దసరా పూజకి అందరూ వత్తారు కదే. అందరి ముందూ సెప్పీత్తాను. ఇన్నాళ్ళూ పని సేసింది గంగాభవాని అని."

"ఒట్టేయండి."

నా నెత్తి మీద సెయ్యేసేడు. సెయ్యి సరిగ్గా నెత్తి మీదే పడింది. ఆ మాత్రం సూపుందిలే అనుకుని సంబరపడ్డాను ఎర్రిమొహాన్ని.

మా ఊరి ఫొటోగ్రాఫర్లు దసరాకి కెమెరాలు తెచ్చి మా కొట్లోనే పూజలో పెడతారు. ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. పీట మీద కొత్త గుడ్డ పరిసి కెమెరాలన్నీ వరసగా పెడితే, మా ఆయన ఒక్కోదాని మూత తీసి, తడి పసుపూ కుంకుమా అద్ది, లెన్సు పైన అంచుకి బొట్టు పెడతాడు. మూత తియ్యకుండా పెట్టకూడదు. కళ్ళు మూసుకున్నోళ్ళకి బొట్టు పెడతారేటి అంటాడాయన. ఆ తడి కుంకం సందుల్లోకి పోయి, పండగయ్యేక రింగులు తిరగవు. మళ్ళీ నేనే ఇప్పి తుడవాలి. ఇదేం పిచ్చి పూజరా దేవుడా అని ఏటా తిట్టుకుంటాను. ఇనేవోడేడి?

ఈసారి దేవీప్రసాద్ కెమెరాతో ఒక తిరకాసొచ్చింది. దేవీప్రసాద్ ఫొటోగ్రాఫర్ల సంఘానికి ప్రెసిడెంటు. కొత్తరకం కెమెరా కొన్నాడు, ఫొటోల్లో మచ్చలు పడతన్నాయని పండగ ముందు తెచ్చిచ్చేడు. లెన్సు ఆడి దగ్గరే ఉంచుకుని ఉత్త కెమెరా ఇచ్చేడు. లోపల సెన్సరని ఒక పలక ఉంటాది, బొమ్మ పడేది దాని మీదే. పాత కెమెరాల్లో దానికి అడ్డంగా అద్దముండేది. ఈ కొత్తవాటిలో అద్దమూ లేదు, ఏటీ లేదు. మూత తీత్తే ఎదురుగా సెన్సరే, పసిపిల్ల నడినెత్తిలాగ. గాలి బుడ్డితో ఊది, మెత్తటి పుల్లతో ఒక్కసారి తుడిసి, మూత బిగించేను. పూజలోనే పెట్టీమన్నాడు, మర్నాడు పెళ్ళి ఉంది, పూజయ్యేక పట్టుకెల్తానన్నాడు. పీట మీద ఓ కొసకి పెట్టి, పైన నేనే బొట్టెట్టీసి ఆయనకి సెప్పేను.

"ఎడం పక్క ఆకర్న ఉన్నది దేవీప్రసాద్ ది. దానికి లెన్సు లేదు. దాని మూత తియ్యకండి. బొట్టు నేను పెట్టీసేను."

"సరే సరే" అన్నాడు.

"ఏది, ఏం సెప్పేనో సెప్పండి."

"ఎడం పక్కది ముట్టుకోవద్దన్నావు. నేనేటి సిన్నపిల్లోణ్ణా?"

ఆ రోజు నేను నా స్టూలు కర్టెన్ ముందుకి తెచ్చుకుని కూర్చున్నాను. కొత్త సీర కట్టేను. కోటవురట్ల నుంచి తారక్ వచ్చేడు, ఈమధ్యే పని మొదలెట్టిన కుర్రోడు. రాములొచ్చేడు. కొట్టు నిండిపోయి మెట్ల మీద కూడా నిలబడ్డారు. "ఏటొదినా, ఈ ఏడు బయటికొచ్చీసేవు" అన్నాడు దేవీప్రసాద్. నవ్వేను. ఇంకాసేపట్లో మీకే తెలుత్తాదిలే అనుకున్నాను.

మా ఆయన హారతిచ్చి బొట్లు మొదలెట్టేడు. ఎడం సేత్తో మూత తియ్యడం, కుడి సేతి ఉంగరం ఏలుతో అద్దడం. నీటుగా పెడతన్నాడు. ఆకరుదాని ముందుకొచ్చేక సెయ్యి ఆగింది. అమ్మయ్య, గుర్తుంది అనుకున్నాను. అప్పుడు దేవీప్రసాద్, "మనదానికి కూడా మీ సేత్తోనే గురూగారూ" అన్నాడు. ప్రెసిడెంటు అడిగేడు, అందరూ సూత్తన్నారు. దీనికి పెట్టకూడదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో సెప్పాలంటే బొట్టు ముందే పెట్టిందెవరో, కెమెరా ఇప్పిందెవరో సెప్పాలి. అది సెప్తానని నాకు ఒట్టేసిన మనిషే. సెప్పలేదు. మూత తీసీసేడు.

"ఆగండి" అంటూ నేను లేచేను. అప్పటికే ఏలు లోపలికెల్లిపోయింది. అంచు కోసం తడిమేడు. అంచెక్కడిది, లెన్సే లేదాయె. ఇంకాస్త లోపలికి పెట్టి నొక్కేడు. గోరు గీసుకున్న సప్పుడు నాకినబడింది. ఆ సప్పుడు నేను మరిసిపోలేను.

దేవీప్రసాద్ వచ్చి కెమెరా లాక్కుని లోపలికి సూసేడు. సెన్సరు మీద పసుపు, కుంకం, నిలువునా ఓ గీత. ఆడి మొహం మాడిపోయింది. "ఏటిది గురూగారూ? దీనికి లెన్సు లేదని మీకు తెలీదా? రిపేరు మీరే కదా సేసేరు."

మా ఆయన గుడ్డ తీసుకుని ఏలు తుడుసుకున్నాడు. నెమ్మదిగా తుడుసుకున్నాడు. తర్వాత సెప్పేడు.

"నేను కాదు బాబూ. ఇన్నాళ్ళూ పని సేసింది గంగాభవాని."

అదే మాట. ఒక్క అక్షరం తేడా లేకుండా అదే మాట. ఏళ్ళ తరబడి నేను ఇనాలనుకున్నది ఇదే.

సూడండి సిత్రం. నేను రిపేరు సేత్తానంటే సచ్చినా నమ్మని జనం, నేను పాడు సేసేనంటే టక్కుమని నమ్మీసేరు. "అదా సంగతి" అన్నాడొకడు. "అందుకే నా కెమెరా బటను ఇప్పటికీ బిగుసుగా ఉంటాది" అన్నాడు రాములు. నేను సీమలేరి బాగుసేసిన కెమెరా అది. "ముందే సెప్పాలి కదా గురూగారూ, ఆడాళ్ళ సేతికి మేం ఇత్తామా?" అన్నాడు దేవీప్రసాద్. ఏలు పెట్టింది ఆయనే అయినా, లెన్సు లేదని నేను సెప్పకపోబట్టేనని ఆయన్ని ఎవడూ ఏటీ అన్లేదు. పెళ్ళాన్ని నమ్మి మోసపోయిన పెద్దాయనైపోయేడు.

నేనూరుకుంటానేటి? "ఆయనకి కళ్ళు కనబడవు. ముట్టుకోవద్దని సెప్పే పెట్టేను. ఏలెక్కడ పెట్టేడో ఆయనకే తెలీదు" అన్నాను, కొట్టదిరిపోయేలాగ.

"తప్పొదినా" అన్నాడు దేవీప్రసాద్. "నీ తప్పు కప్పుకోడానికి పండగ పూట మొగుణ్ణి గుడ్డోణ్ణి సేత్తావేటి?"

మా ఆయన కౌంటరెనక్కి ఎల్లి, రెండో అర నుంచి ఓ కొత్త మూత తీసి, పెట్టె మీద పేరు సదివినట్టు ఓసారి మొహం దగ్గర పెట్టుకుని, దేవీప్రసాద్ సేతికిచ్చేడు. సరిగ్గా ఆ కెమెరాకి పట్టే మూతే. ఆ అర సర్దింది నేను. అందరూ నాకేసి అసయ్యంగా సూసేరు. ఒక్కొక్కడూ పీట మీంచి ఎవడి కెమెరా ఆడు తీసుకున్నాడు. ప్రసాదం కూడా ముట్టలేదు.

దేవీప్రసాద్ కెమెరా విశాఖపట్నం పంపించేడని తర్వాత తెలిసింది. మా కొట్టుకి జనం రావడం మానీసేరు. మా ఆయన నాతో మాటాడబోయేడు. "ఏదో నోటికొచ్చీసిందే" అన్నాడు. కంచంలో అన్నం పెట్టీసి లేచెల్లిపోయేను.

కొన్నాళ్ళకి తారక్ వచ్చేడు. తునిలో ఎవడో ఓ పాత లెన్సు అమ్ముతన్నాడట, సూపించుకోడానికి తెచ్చుకున్నాడు. పెళ్ళిళ్ళ సీజనుకి అది కొంటే గానీ ఆడికి పని దొరకదట. నేను కర్టెనెనకే ఉన్నాను.

"గురూగారూ, మీరే సూడండి" అని, గొంతు తగ్గించి, "ఒదిన సేతికియ్యకండేం" అన్నాడు.

"నేనే సూత్తాను బాబూ. లోపల లైటు కింద సూసొత్తానుండు" అన్నాడు మా ఆయన.

కర్టెన్ తీసుకుని లోపలికొచ్చి, లెన్సు నా ముందు సాపేడు. సాపడం కూడా నేను లేని పక్కకి సాపేడు. టార్చి నా వొళ్ళోనే ఉంది. ఎలిగించక్కర్లేకపోయింది. కిటికీ ఎలుతురుకే కనబడింది, అద్దం లోపల ఓ కొస నుంచి ఇంకో కొసకి బూజు అల్లుకుపోయుంది.

"సెప్పవే" అన్నాడు మెల్లగా.

నేను పలకలేదు. ఆయన అలాగే సెయ్యి సాపుకుని నిలబడ్డాడు, శానాసేపు. బయట తారక్ దగ్గేడు. మా ఆయన ఎనక్కి తిరిగి బయటికెల్లేడు.

"మంచి సరుకు బాబూ. కళ్ళు మూసుకుని కొనుక్కో" అన్నాడు.

తారక్ ఆయన కాళ్ళకి దండం పెట్టి ఎల్లిపోయేడు. ఒక్క మాట నేను గట్టిగా అంటే ఆగేవోడు. అన్లేదు. ఆ కుర్రోడి మీద నాకు జాలి కలగలేదు.